తగలబెట్టాలనుకున్న సింఫనీ

సంస్కరణ ఆదివారం దగ్గర పడింది. ఆ రోజు మన సంఘాలు అనేకం లూథర్ గారి ‘గట్టి దుర్గము’ పాట పాడతాయి. నలభై ఆరవ కీర్తన ధ్యానంలోంచి జర్మన్ భాషలో పుట్టి, దాదాపు అయిదు వందల ఏళ్లుగా లోకమంతా తిరుగుతున్న పాట అది. 1842లో ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చాక తెలుగు నేల మీద లూథరన్ సంఘం వేరూనింది. ఆ పాట కూడా మనదైంది. మరో రెండు నెలలు గడిస్తే క్రిస్మస్. క్యారల్స్‌కి బయలుదేరిన యవనస్థులు చలిలో ఇల్లిల్లూ తిరుగుతూ ‘దూత పాట పాడుడీ’ ఎత్తుకుంటారు.

ఈ రెండు పాటలకూ ఒకే మనిషితో సంబంధం ఉందని మనలో చాలామందికి తెలియదు. క్రిస్మస్ పాట రాగం ఆయనదే. లూథర్ గారి పాటను ఒక పెద్ద వాద్యబృందం చేత, ఒక్క మాట కూడా పాడించకుండా, ఆరాధనగా మలచినవాడూ ఆయనే. పేరు ఫెలిక్స్ మెండెల్సన్.

ఈ వారం ఆయన అయిదవ సింఫనీని మళ్లీ విన్నాను. చార్లెస్ మున్ష్ నాయకత్వంలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1957లో చేసిన రికార్డింగు అది. ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది, వినడానికి అరగంట కూడా పట్టదు. సింఫనీ అంటే అలవాటు లేనివారి కోసం ఒక మాట చెబుతాను. అది మాటలు లేని సంగీతం. వయొలిన్లు, ఫ్లూట్లు, బాకాలు, ట్రాంబోన్లు, పెద్ద డోళ్లు కలిసి నాలుగు భాగాలుగా వినిపిస్తాయి. ఈ అయిదవ సింఫనీని ‘సంస్కరణ సింఫనీ’ అంటారు. లోకమంతటా నేటికీ వినే ఈ సంగీతాన్ని రాసినవాడే దీన్ని తగలబెట్టాలనుకున్నాడు. ఎందుకో తెలియాలంటే ఆయన జీవితం తెలియాలి.

మోషే మనవడు

1743లో పద్నాలుగేళ్ల యూదు బాలుడు ఒకడు డెస్సావ్ అనే ఊరి నుంచి బెర్లిన్ చేరాడు. పేదవాడు. అతని పేరు మోషే మెండెల్సన్. ఆ రోజుల్లో యూదులు తమకు నచ్చిన ఊళ్లో స్వేచ్ఛగా కాపురం ఉండే వీలు లేదు. ఆ అబ్బాయి చదువుకుని ఐరోపా అంతా గౌరవించే తత్వవేత్త అయ్యాడు. బెర్లిన్ విద్వత్ పరిషత్తు ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంటే, రాజు ఫ్రెడరిక్ ఆ ఎన్నికకు ఆమోదం ఇవ్వలేదు. మోషే మాత్రం చివరి వరకూ తన పితరుల విశ్వాసంలోనే నిలిచాడు.

ఆయన కుమారుడు అబ్రాహాము బ్యాంకు వ్యాపారి. అబ్రాహాము, లేయా దంపతులకు 1809 ఫిబ్రవరి 3న హాంబర్గ్‌లో ఫెలిక్స్ పుట్టాడు. అక్క ఫ్యానీ అతనికంటే మూడేళ్లు పెద్దది. నెపోలియన్ యుద్ధాల కాలంలో 1811లో ఆ కుటుంబం బెర్లిన్‌కు తరలిపోయింది. 1816 మార్చి 21న నలుగురు పిల్లలకూ బాప్తిస్మం ఇప్పించారు. అప్పుడు ఫెలిక్స్‌కు ఏడేళ్లు. తల్లిదండ్రులు మరో ఆరేళ్లకు, 1822లో, బాప్తిస్మం తీసుకున్నారు.

అబ్రాహాము లెక్క ఒకటుంది. పిల్లలు క్రైస్తవులైతే సమాజపు తలుపులు తెరుచుకుంటాయనుకున్నాడు. పేరు కూడా మార్చాలనుకున్నాడు. భార్య అన్నదమ్ముల్లో ఒకరు బార్తోల్డీ అనే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరే తన కుటుంబానికీ తగిలించాడు. మెండెల్సన్ అనే పేరుతో క్రైస్తవుడు ఉండడమన్నది అసాధ్యమని, ఆ పేరు వదిలేయమని 1829లో కొడుక్కి ఒక పొడుగాటి ఉత్తరమే రాశాడు. కొడుకు తండ్రిని ప్రేమించాడు, గౌరవించాడు, ఆ ఒక్క మాట మాత్రం వినలేదు. జీవితాంతం రెండు పేర్లూ కలిపే సంతకం చేశాడు. బాప్తిస్మం తీసుకున్నందుకు సిగ్గుపడలేదు, యూదు తాతకు మనవడిగా పుట్టినందుకూ సిగ్గుపడలేదు.

ఆయన విశ్వాసం తండ్రి లెక్క దగ్గర ఆగిపోలేదు. 1825లో కన్ఫర్మేషన్ పొందాడు. బైబిలును శ్రద్ధగా చదివేవాడు. ఆయన చేతిరాత సంగీత ప్రతుల్లో పైన కొన్ని పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఈ పనిని సఫలం చేయమని, తనకు సహాయం చేయమని దేవుణ్ణి వేడుకునే చిన్న ప్రార్థనలకు గుర్తులు అవి. ప్రసంగం కాగితం పైన శిలువ గుర్తు వేసుకుని రాయడం మొదలుపెట్టే పాస్టర్లకు ఈ అలవాటు వెంటనే అర్థమవుతుంది.

మూలపడిన శ్రమల గానం

బెర్లిన్‌లో సింగ్ అకాడమీ అనే పెద్ద గాయక బృందం ఉండేది. దాని నాయకుడు జెల్టర్ ఫెలిక్స్‌కు గురువు. ఆయన దగ్గరే ఫెలిక్స్ బాక్ సంగీతం రుచి చూశాడు. యోహాన్ సెబాస్టియన్ బాక్ లైప్‌జిగ్‌లో లూథరన్ దేవాలయ సంగీతకారుడు, 1750లో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన పెద్ద రచనలు క్రమంగా మూలపడ్డాయి. మత్తయి సువార్తలోని శ్రమల వృత్తాంతానికి ఆయన కట్టిన గానం కొద్దిమంది సంగీతజ్ఞుల అలమరల్లో మాత్రమే మిగిలింది. అమ్మమ్మ ఆ గానం నకలు ఒకటి రాయించి ఫెలిక్స్‌కు కానుకగా ఇచ్చింది.

ఆ కాగితాల్లో ఉన్నది అందరికీ వినిపించాలని ఫెలిక్స్ పట్టుబట్టాడు. గురువుకు మొదట నమ్మకం కుదరలేదు. స్నేహితుడు డెవ్రియెంట్‌తో కలిసి ఆయన్ను ఒప్పించి, నెలల తరబడి అభ్యాసం చేయించి, 1829 మార్చి 11న బెర్లిన్‌లో ఆ శ్రమల గానాన్ని వినిపించాడు. వచ్చినవారిలో రాజు ఉన్నాడు, వేదాంతి ష్లయర్‌మాకర్ ఉన్నాడు, తత్వవేత్త హెగెల్ ఉన్నాడు. బృందాన్ని నడిపిన ఫెలిక్స్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. ఈ రోజు శుభ శుక్రవారాల్లో లోకమంతటా ఆ గానం వినబడుతోందంటే ఆ సాయంత్రం అందుకు పునాది.

తన పుట్టుక గురించి పెద్దగా మాట్లాడని ఫెలిక్స్ ఆ రోజుల్లో డెవ్రియెంట్ దగ్గర ఒక మాట అన్నాడట. క్రైస్తవ లోకపు మహా సంగీతాన్ని మళ్లీ జనానికి అందించడానికి ఒక నాటక నటుడు, ఒక యూదు కుర్రాడు కావలసి వచ్చారన్నది ఆ మాట సారం. డెవ్రియెంట్ రంగస్థలం మీద పాడేవాడు, ఆ రోజు ప్రభువు మాటలు పాడింది అతనే. నవ్వుతూ అన్న మాటే కావచ్చు, అందులో ఒక ముల్లు ఉంది.

ఆమెన్‌తో మొదలైన యుద్ధం

1530 జూన్ 25న ఆగ్స్‌బర్గ్ నగరంలో చక్రవర్తి ఎదుట లూథరన్ ప్రభువులు, నగరాల పెద్దలు తమ విశ్వాసపు ఒప్పుకోలు చదివి వినిపించారు. 1830లో దానికి మూడు వందల ఏళ్లు నిండుతున్నాయి. ఆ పండుగ మనసులో పెట్టుకుని ఫెలిక్స్ 1829 చివర్లో సింఫనీ మొదలుపెట్టాడు. మధ్యలో తట్టు సోకి మంచాన పడ్డాడు. మే నెలలో గాని పూర్తి కాలేదు. జూన్ పండుగలో ఆ సింఫనీకి చోటు దొరకలేదు.

ఇప్పుడు ఆ రికార్డింగు పెట్టుకుని వినండి. మొదటి భాగం మెల్లగా, గంభీరంగా మొదలవుతుంది. గాలి వాద్యాలు పిలుపులాంటి స్వరాలు ఊదుతాయి. అంతలో ఆ ధ్వని అంతా అణిగి, వయొలిన్లు చాలా మెత్తగా, మెట్టు మెట్టుగా పైకెక్కే ఒక చిన్న స్వరమాల వినిపిస్తాయి. దానికి డ్రెస్డెన్ ఆమెన్ అని పేరు. జర్మనీలోని డ్రెస్డెన్ ఆస్థాన దేవాలయం కోసం నౌమన్ అనే సంగీతకారుడు కట్టిన ఆమెన్ అది. ఆ ప్రాంతపు కథోలికులూ లూథరన్లూ ఇద్దరూ పాడేవారు. సంస్కరణ గురించి రాస్తూ ఫెలిక్స్ రెండు పక్షాల వారికీ తెలిసిన ఆమెన్‌ను మొదట పెట్టాడు. అది ఎందుకో ఆయన ఎక్కడా వివరించినట్టు నేను చదవలేదు గాని, విన్న ప్రతిసారీ నాకు మంచి ప్రసంగంలా తోస్తుంది.

ఆ ఆమెన్ తర్వాత వెంటనే తుపాను. వయొలిన్లు పరుగెత్తుతాయి, బాకాలు మోగుతాయి, డోళ్లు ఉరుముతాయి. మన ఆరాధనలో ఆమెన్ చివర వస్తుంది. ఇక్కడ ప్రార్థన ముగించి, ఆమెన్ పలికి, ఆ తర్వాతే పోరాటంలోకి దిగుతారు. తుపాను మంచి ఉధృతిలో ఉండగా మరోసారి అంతా ఆగి, ఆ మెత్తని ఆమెన్ మళ్లీ వినిపిస్తుంది. మొదటిసారి వినేవారు ఈ చోటు జారవిడుచుకోవద్దు.

రెండో భాగం తేలికైనది, పిల్లల అడుగుల్లా ఉంటుంది. మూడోది చిన్నది. వయొలిన్లు ఒంటరి మనిషి ప్రార్థనలా దుఃఖంగా పాడతాయి. అది ఆగీ ఆగగానే ఒకే ఒక్క ఫ్లూట్ లూథర్ గారి పాట ఎత్తుకుంటుంది. తోడుగా ఏ వాద్యమూ లేదు. మనకు చిన్ననాటి నుంచి తెలిసిన రాగం, గుడిలో ఒక ముసలామె ముందు వరుసలో కూర్చుని తనంతట తాను పాడుకున్నట్టు వినబడుతుంది. రెండో చరణానికి వేరే గాలి వాద్యాలు వచ్చి చేరతాయి, తర్వాత కింది స్థాయి వాద్యాలు చేరతాయి. చివరికి బృందమంతా లేచి నిలబడి పాడే సంఘం అవుతుంది. ఒక్కడి నోట మొదలైన ఒప్పుకోలు అందరిదీ కావడమే సంస్కరణ అయితే, దాన్ని ఇంత స్పష్టంగా చూపించిన సంగీతం నాకు మరొకటి తెలియదు.

మూడు తిరస్కారాలు

1832లో పారిస్‌లోని ప్రసిద్ధ వాద్యబృందం ఈ సింఫనీని అభ్యాసానికి తీసుకుని పక్కన పెట్టేసింది. పాండిత్యం ఎక్కువైంది, రాగమాధుర్యం తక్కువైంది అన్నారు. అదే ఏడాది నవంబరు 15న బెర్లిన్‌లో ఫెలిక్స్ స్వయంగా నడిపి మొదటిసారి వినిపించాడు. ఆయన బతికుండగా అది మళ్లీ పెద్దగా వినబడలేదు.

రెండో దెబ్బ సొంత ఊళ్లోనే తగిలింది. గురువు జెల్టర్ 1832 మేలో చనిపోయాడు. సింగ్ అకాడమీకి కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవాలి. బాక్ శ్రమల గానంతో ఆ బృందానికి పేరు తెచ్చిన ఫెలిక్స్ కంటే తగినవాడెవరని స్నేహితులు బలవంతంగా పోటీలో నిలబెట్టారు. 1833 జనవరిలో ఓట్లు లెక్కపెట్టారు. రుంగెన్‌హాగెన్ అనే పెద్దాయనకు 148, ఫెలిక్స్‌కు 88. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి. అవతలి ఆయన వయసులో పెద్దవాడు, ఏళ్ల తరబడి అక్కడే పనిచేసినవాడు. అయితే క్రైస్తవ సంస్థకు యూదు కుర్రాడు నాయకుడేమిటన్న మాట కూడా ఆ చర్చల్లో వచ్చిందని డెవ్రియెంట్ తన జ్ఞాపకాల్లో రాశాడు. బాప్తిస్మమై అప్పటికి పదహారేళ్లు దాటింది.

మూడో తిరస్కారం ఆయన చేతిదే. కొన్నేళ్లు గడిచాక ఈ సింఫనీ పేరెత్తితేనే ఆయనకు చిరాకు. కుర్రతనపు రచన అన్నాడు. తన రచనలన్నిటిలో తగలబెట్టాలనిపించేది ఇదేనని 1838లో ఒక స్నేహితుడికి రాశాడు. అచ్చు వేయనివ్వలేదు. దేవుని సహాయం అడిగి మొదలుపెట్టిన పనిని తన చేతులతోనే పెట్టె అడుగున పడేశాడు.

లైప్‌జిగ్ ఏళ్లు

బెర్లిన్ వద్దన్న మనిషిని ముందు డుసెల్‌డార్ఫ్, ఆ తర్వాత 1835లో లైప్‌జిగ్ పిలిచాయి. లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ వాద్యబృందాన్ని ఆయన ఐరోపాలో మేటి బృందాల్లో ఒకటిగా తీర్చిదిద్దాడు. 1836లో అపొస్తలుడైన పౌలు జీవితాన్ని సంగీత రూపకంగా కట్టాడు. హింసకుడైన యూదుడు క్రీస్తు సేవకుడైన కథను ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకోను. 1837లో ఫ్రెంచి సంస్కరణ సంఘపు పాస్టరు కుమార్తె సెసిల్‌ను వివాహమాడాడు. దేవుడు వారికి అయిదుగురు పిల్లలనిచ్చాడు. 1840లో బాక్ స్మారక చిహ్నం కోసం సెయింట్ థామస్ దేవాలయంలో ఒక్కడే ఆర్గన్ కచేరీ చేసి డబ్బు పోగుచేశాడు. 1843లో లైప్‌జిగ్‌లో సంగీత కళాశాల స్థాపించాడు. 1846లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఏలీయా ప్రవక్త మీద రాసిన సంగీత రూపకాన్ని వినిపిస్తే జనం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు.

మన క్రిస్మస్ పాట కథ కూడా ఈ కాలానిదే. 1840లో లైప్‌జిగ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చు యంత్రం నాలుగు వందల ఏళ్ల పండుగ జరిగింది. దాని కోసం ఫెలిక్స్ మగవారి బృందానికి ఒక పాట కట్టాడు. ఆ రాగం జనానికి నచ్చుతుందని, మంచి మాటలు కుదిర్చితే బాగుంటుందని ఆయనే అన్నాడు. అయితే భక్తి పాటకు మాత్రం అది ఎంతమాత్రం సరిపోదని కూడా అన్నాడు. ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1855లో, కమింగ్స్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు ఆ రాగాన్ని చార్లెస్ వెస్లీ క్రిస్మస్ కీర్తనకు జత చేశాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు లోకంలో అది వినబడని క్రిస్మస్ లేదు. సంగీతంలో ఇంత ఆరితేరిన మనిషి తన పని గురించి చెప్పిన తీర్పు ఇక్కడ కూడా తప్పిపోయింది.

1847 మే 14న అక్క ఫ్యానీ హఠాత్తుగా కన్నుమూసింది. ఆమె స్వయంగా గొప్ప సంగీతకారిణి, తమ్ముడి రచనలకు మొదటి పరీక్షకురాలు. ఆ వార్త విని ఫెలిక్స్ కుప్పకూలాడు, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. అదే ఏడాది నవంబరు 4న లైప్‌జిగ్‌లో మరణించాడు. వయసు 38. బెర్లిన్‌లో అక్క పక్కనే సమాధి చేశారు. సమాధి మీద శిలువ ఉంది.

తాత పేరు అడిగిన సంఘం

చనిపోయినా ఆయన మీద తీర్పులు ఆగలేదు. 1850లో రిచర్డ్ వాగ్నర్ అనే పేరుపొందిన సంగీతకారుడు మారుపేరుతో ఒక వ్యాసం రాశాడు. యూదుడు ఎంత చదువుకున్నా, ఎంత నేర్పు ఉన్నా, మనసును కదిలించే సంగీతం రాయలేడన్నది అందులోని వాదం, ముఖ్యమైన ఉదాహరణ మెండెల్సన్. అదే వాగ్నర్ 1882లో తన చివరి సంగీత నాటకంలో ఆ డ్రెస్డెన్ ఆమెన్‌నే వాడుకున్నాడు. పెట్టె అడుగున ఉన్న సంస్కరణ సింఫనీ 1868లో గాని అచ్చు కాలేదు. రాసినది రెండోదైనా అచ్చయినది చివర కాబట్టి దానికి అయిదవ సింఫనీ అని అంకె పడింది.

1892లో లైప్‌జిగ్ నగరం గెవాండ్‌హౌస్ ముందు ఆయన విగ్రహం నిలబెట్టింది. 1936 నవంబరులో, మేయర్ గోర్డెలర్ విదేశంలో ఉన్న సమయం చూసి, నాజీలు ఆ విగ్రహాన్ని తొలగించారు. తిరిగి వచ్చిన మేయర్ దాన్ని మళ్లీ నిలబెట్టాలని కోరాడు. కుదరదన్నారు. ఆయన రాజీనామా చేశాడు. తర్వాత హిట్లర్‌ను ఎదిరించినవారితో కలిసి, 1945లో ప్రాణమిచ్చాడు.

రాజకీయ నాయకుల సంగతి అలా ఉంచి, సంఘం ఏమి చేసిందో చూడాలి. 1933లో ప్రష్యా ప్రొటెస్టెంట్ సంఘపు మహాసభ, యూదు మూలం ఉన్నవారు సంఘంలో పాస్టర్లుగా ఉండరాదని తీర్మానించింది. బాప్తిస్మం చూడలేదు, తాత ముత్తాతల పేర్లు చూసింది. 1939లో ఐసెనాక్‌లో, లూథర్ గారు కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చిన కోట ఉన్న ఊళ్లో, బైబిలులో నుంచీ కీర్తనల పుస్తకంలో నుంచీ యూదు ఆనవాళ్లు తీసివేయడానికి సంఘ పెద్దలు ఒక సంస్థనే పెట్టారు. ఎదిరించిన విశ్వాసులూ ఉన్నారు, వారి సంఖ్య తక్కువ. సంస్కరణకు ఇంతటి సంగీతం ఇచ్చిన బాప్తిస్మపు బిడ్డకు సంస్కరణ పుట్టిన నేలమీద చోటు లేకుండా పోయింది. సెయింట్ థామస్ దేవాలయం ఎదుట ఆ విగ్రహం మళ్లీ నిలబడడానికి 2008 వరకు పట్టింది.

బోస్టన్, 1957

ఇప్పుడు ఆ రికార్డింగు దగ్గరికి వద్దాం. మున్ష్ స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి సెయింట్ గియోమ్ లూథరన్ దేవాలయంలో ఆర్గన్ వాయిస్తూ, బాక్ రచనలు పాడే క్వయర్‌ను నడిపేవాడు. ఆఫ్రికాలో వైద్య సేవ చేసిన ఆల్బర్ట్ ష్వైట్జర్ గారు ఆ కచేరీల్లో ఆర్గన్ వాయించేవారు. అంటే ఫెలిక్స్ మళ్లీ తెరిచిన బాక్ సంగీతం మధ్యనే మున్ష్ పెరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుడిగా విషవాయువు పీల్చి, గాయపడి బతికి బయటపడ్డాడు. 1920ల చివర లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌లో వయొలిన్ల బృందానికి నాయకుడిగా ఉన్నాడు. అప్పుడు ఆ భవనం ముందు మెండెల్సన్ విగ్రహం ఇంకా నిలబడే ఉంది.

అలాంటి మనిషి యుద్ధం ముగిసిన పన్నెండేళ్లకు, సముద్రానికి ఇవతల, ఈ సింఫనీని చేతికి తీసుకున్నాడు. దీన్ని ఆయన బరువుగా ఈడ్చడు. చురుగ్గా, దాపరికం లేకుండా నడిపిస్తాడు. ఆమెన్ దగ్గర మాత్రం వయొలిన్ల శబ్దం ఊపిరంత పలచబడుతుంది. ఆ కాలంలో ఆ బృందంలో ప్రధాన ఫ్లూట్ స్థానం డోరియట్ ఆంథొనీ డ్వయర్‌ది. 1952లో ఆమె ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అమెరికాలోని పెద్ద వాద్యబృందాల్లో అలాంటి స్థానం పొందిన స్త్రీలు చాలా అరుదు. ఆ ఫ్లూట్ లూథర్ గారి పాట మొదలుపెట్టినప్పుడు అలంకారమేమీ లేదు, విశ్వాసి తనకు తెలిసిన పాట పాడుతున్నట్టే ఉంటుంది.

తీర్పు ఎవరిది?

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు గారు ఒక సంగతి చెబుతారు. మనుష్యులు తనను విమర్శించడం తనకు చిన్న విషయమంటారు. అక్కడితో ఆగక, తనను తాను కూడా విమర్శించుకోనంటారు. తీర్పు తీర్చేవాడు ప్రభువే గనుక ఆయన వచ్చేవరకు తొందరపడి దేనికీ తీర్పు చెప్పవద్దని సంఘానికి ఆజ్ఞాపిస్తారు. మెండెల్సన్ జీవితం చదువుతుంటే నాకు ఆ వాక్యభాగమే గుర్తుకు వస్తూ ఉంది. లోకం ఆయన పుట్టుక మీద తీర్పు చెప్పింది, తప్పింది. ఆయన తన పని మీద తాను తీర్పు చెప్పుకున్నాడు, అదీ తప్పింది.

మన మధ్య తన పనిని తానే పెట్టె అడుగున పడేసిన వారు ఎందరో ఉన్నారు. ముప్పై ఏళ్లు సండే స్కూలు చెప్పి, ఒక్క బిడ్డయినా మారలేదని నిట్టూర్చే అక్కగారు ఉన్నారు. పల్లెటూరి సంఘంలో జీవితం గడిపి, పదవీ విరమణ రోజున ఏమి సాధించానని తనను తాను అడుగుకునే పాస్టరు గారు ఉన్నారు. గొంతు పోయిందని క్వయర్‌కు రావడం మానేసిన పెద్దాయన ఉన్నాడు. అమ్మా, అయ్యా, దేవుని సహాయం అడిగి మొదలుపెట్టిన పనిని మీ చేతులతో తగలబెట్టకండి. దాని విలువ కట్టే పని మీది కాదు.

రెండో మాట సంఘానికి. జర్మన్ సంఘం తాత పేరు అడిగిందని చదివి మనం బాధపడతాం. మన సంఘాల్లో పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏమిటి? సంఘ కమిటీ ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టే ముందే కులాలు లెక్కపెట్టడం లేదా? ఇంటిపేరు విని, ఏ పేట నుంచి వచ్చారో ఆరా తీసి, ఆ తర్వాత మనిషితో మాట కలిపే విశ్వాసులు మనలో లేరా? ఎన్ని తరాలు దాటినా కొందరిని కొత్తగా వచ్చినవారిగానే చూస్తున్నామా, లేదా? ఈ ప్రశ్నలు ఇతర సంఘాల కోసం రాయడం లేదు. నేను సేవ చేసిన సంఘాల్లో వీటిని నా చెవులతో విన్నాను. కొన్నిసార్లు విని కూడా ఊరుకున్నాను. ఆ మౌనానికి ప్రభువు ఎదుట నేనూ లెక్క చెప్పాలి.

రోమా పత్రిక పదకొండో అధ్యాయంలో పౌలు గారు ఒలీవ చెట్టు గురించి చెబుతారు. అంటుకట్టబడిన కొమ్మ అతిశయించడానికి వీల్లేదు, ఎందుకంటే కొమ్మ వేరును మోయడం లేదు, వేరే కొమ్మను మోస్తోంది. యేసు ప్రభువు శరీరరీత్యా యూదుడే. అలా చూస్తే ఆ సంఘంలో బయటివాడు ఫెలిక్స్ కాడు. అంటుకట్టబడినవారందరూ కృపవల్లే లోపలికి వచ్చారు, మనమూ అంతే.

ఈ సంస్కరణ ఆదివారం ఆరాధన అయిపోయి, భోజనం చేశాక, ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ సింఫనీ వినండి. పిల్లలకు రెండే గుర్తులు చెప్పండి. మొదటి భాగంలో ఆమెన్ ఎక్కడ వస్తుందో పట్టుకోమనండి. చివరి భాగంలో ఫ్లూట్ ఒంటరిగా పాట ఎత్తుకున్నప్పుడు, ఆ పాటేమిటో చెప్పమనండి. వాళ్లు తప్పకుండా గుర్తుపడతారు. అప్పుడు ఆ పాటను అలా మనకిచ్చిన మనిషి పేరు, ఆయన తాత పేరు కూడా చెప్పండి.

తీర్పు తీర్చే అధికారం ప్రభువుకే విడిచిపెట్టి, ఆయన పిలిచినవారందరినీ మనస్ఫూర్తిగా చేర్చుకునే సంఘంగా మనల్ని ఆయన దిద్దును గాక. ఆమెన్.